వినబడని మాటకు అక్షరరూపం: కృత్రిమ మేధ, తెలుగు భాష, మన పెద్దలు

చూపు మందగించిన వారిని లోకం ఇట్టే గుర్తిస్తుంది. కళ్ళజోడు వారి స్థితిని చెప్పకనే చెబుతుంది. వినికిడి మందగించిన వారిని గుర్తించడానికి మాత్రం ఇంటివారికి సైతం ఏళ్ళు పడుతుంది. పిలిస్తే పలకలేదనీ, చెప్పినది మరచిపోయారనీ, పరధ్యానం ఎక్కువయిందనీ మనం అనుకుంటాము. వారు కూడా పదే పదే "ఏమన్నావు?" అని అడగడానికి మొగమాటపడి, అర్థం కాకపోయినా తల ఊపడం అలవాటు చేసుకుంటారు. క్రమంగా నలుగురూ కూర్చున్న చోటనే వారు ఒంటరివారవుతారు.

ప్రవాసంలో ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట తెలుగు మాట్లాడేవారు దాదాపు 59 వేల మంది. సిడ్నీకి పశ్చిమాన మా క్వేకర్స్ హిల్‌లోనూ, చుట్టుప్రక్కల స్కోఫీల్డ్స్, ది పాండ్స్, మార్స్‌డెన్ పార్క్ పేటలలోనూ తెలుగు కుటుంబాలు కాపురముంటున్నాయి. మనలో పలువురి ఇళ్ళకు స్వదేశం నుండి తల్లిదండ్రులు వచ్చి కొన్ని నెలలో, కొన్ని ఏళ్ళో ఉంటారు. వారికి ఇంగ్లీషు ఉచ్చారణ కొత్త. ఇక్కడ పుట్టిన మనుమల తెలుగు ఉచ్చారణ కూడా కొత్తే. దీనికి వినికిడి లోపం తోడైతే, ఇంట్లో ఉన్న మూడు తరాల మధ్య మాట తెగిపోతుంది.

కృత్రిమ మేధ అనగానే ఉద్యోగాలు పోతాయన్న భయమో, సర్వరోగ నివారిణి దొరికిందన్న సంబరమో మన సంభాషణలలో తరచుగా వినబడుతుంది. ఈ రెండింటినీ ప్రక్కన పెట్టి, ఆ శాస్త్రం మాటను అక్షరంగానూ, అక్షరాన్ని మాటగానూ మార్చి తెగిన సంభాషణను ఎంతవరకు అతకగలదో, ఎక్కడ అతకలేదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

చెవి చేసే పని

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న అవయవం ఉంది. అందులో సుమారు 15 వేల సూక్ష్మ రోమకణాలు ఉంటాయి. నత్తగుల్ల ముఖద్వారం వద్దనున్న కణాలు హెచ్చు పౌనఃపున్యం గల సన్నని ధ్వనులకు, లోపలి కొసన ఉన్నవి తక్కువ పౌనఃపున్యం గల బొంగురు ధ్వనులకు స్పందిస్తాయి. ఈ కణాలు ఒకసారి నశిస్తే మానవ శరీరం తిరిగి పుట్టించుకోలేదు. వయసుతో పాటు మొదట దెబ్బతినేవి ముఖద్వారం వద్దనున్న కణాలే.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. అచ్చులు తక్కువ పౌనఃపున్యంలో బలంగా పలుకుతాయి కనుక వినబడుతూనే ఉంటాయి. స, శ, ఫ, త వంటి హల్లులకు ఆయువుపట్టయిన హెచ్చు పౌనఃపున్య ధ్వనులు మాత్రం జారిపోతాయి. "మాట వినబడుతోంది గాని ఏమంటున్నారో తెలియడం లేదు" అని పెద్దలు చెప్పడంలో అణుమాత్రం అతిశయోక్తి లేదు. అది వారి చెవి స్థితికి కచ్చితమైన వర్ణన. అటువంటప్పుడు గట్టిగా అరిస్తే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి. జారిపోయిన హల్లు తిరిగి రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం లోకంలో 150 కోట్లకు పైగా ప్రజలకు ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపం ఉంది. 60 ఏళ్ళు దాటిన వారిలో నాలుగవ వంతుకు పైగా నిత్యజీవితానికి ఆటంకమయ్యేంత లోపంతో బాధపడుతున్నారు. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో మతిమరుపు వ్యాధికి సంబంధించి మనం సవరించుకోగల 14 కారణాలను పేర్కొన్నది. వాటిలో వినికిడి లోపం ముఖ్యమైనది. కావున ఇది కేవలం ముచ్చట్లకు సంబంధించిన విషయం కాదు.

వినికిడి యంత్రానికీ, చెవి పరీక్షకూ ప్రత్యామ్నాయం లేదు. తీవ్రమైన చెవుడు గలవారికి కోక్లియర్ ఇంప్లాంటు అనే అమరిక ఉంది. తాను రూపొందించిన బహుమార్గ ఇంప్లాంటును ప్రొఫెసర్ గ్రేమ్ క్లార్క్ 1978లో మెల్బోర్న్ నగరంలో తొలిసారిగా ఒక రోగికి అమర్చారు. ఆ శాస్త్రం పుట్టిన గడ్డల్లో మనముంటున్న దేశం ఒకటి. అయితే సందర్శకులుగా వచ్చిన మన పెద్దలకు మెడికేర్ వర్తించదు. యంత్రాల ఖరీదు అంతా కుటుంబమే భరించాలి. యంత్రం పెట్టుకున్నా నలుగురు ఒక్కసారి మాట్లాడే చోట ఇబ్బంది మిగిలే ఉంటుంది. ఆ మిగిలిన లోటును పూడ్చడానికే కంటికి కనిపించే అక్షరం అక్కరకు వస్తుంది.

కాటూరు నుండి సిడ్నీ మీదుగా

మాటను యంత్రం చేత గ్రహింపజేసిన శాస్త్రచరిత్రలో తెలుగునాటికీ, సిడ్నీ నగరానికీ కూడా చోటుంది. నాటి చిత్తూరు జిల్లా శ్రీకాళహస్తి ప్రాంతంలోని కాటూరులో 1937లో జన్మించిన డబ్బాల రాజగోపాల్ రెడ్డి గారిని లోకం రాజ్ రెడ్డిగా ఎరుగును. రైతు కుటుంబం నుండి వచ్చిన ఆయన మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టా పొంది, 1960లో ఇక్కడి న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం నుండి ఎం.టెక్. పట్టా తీసుకున్నారు. ఆ పిమ్మట సిడ్నీలోనే ఐ.బి.ఎం. సంస్థలో కొంతకాలం పనిచేసి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ చేరారు. "కృత్రిమ మేధ" అన్న పేరు పెట్టిన జాన్ మెకార్తీ వద్ద పరిశోధన చేసి 1966లో డాక్టరేటు పొందారు. మనిషి మాటను కంప్యూటరు గుర్తించడం ఎలా అన్నదే ఆయన పరిశోధనాంశం.

1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం చేరిన రెడ్డి గారు, శిష్యులు కలిసి "హియర్‌సే" అనే వ్యవస్థను నిర్మించారు. అందులోని ఊహ సరళమైనది, లోతైనది కూడా. ఒక నల్లబల్ల ఉన్నదనుకోండి. ధ్వని తెలిసిన నిపుణుడు, పదాలు తెలిసిన నిపుణుడు, వాక్యనిర్మాణం తెలిసిన నిపుణుడు తమ తమ ఊహలను దానిపై వ్రాస్తారు. ఒకరి ఊహను మరొకరు బలపరుస్తారు, లేదా త్రోసిపుచ్చుతారు. చివరకు అందరికీ సమ్మతమైన వాక్యం నిలుస్తుంది. అదే విశ్వవిద్యాలయంలో 1976 నాటికి సిద్ధమైన "హార్పీ" 1,011 పదాలను గుర్తించగలిగింది. రెడ్డి గారి శిష్యులైన జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు స్థాపించిన డ్రాగన్ సంస్థ 1997లో మామూలు ధోరణిలో మాట్లాడితే వ్రాసిపెట్టే సాఫ్ట్‌వేరును విపణిలోకి తెచ్చింది. ఆయన మరొక శిష్యుడు కాయ్ ఫూ లీ నిర్మించిన "స్ఫింక్స్" ఎవరి గొంతునైనా గుర్తించగల వ్యవస్థగా 1988లో పేరు పొందింది. కృత్రిమ మేధలో చేసిన కృషికి రాజ్ రెడ్డి గారికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ పురస్కారం లభించింది. కంప్యూటరు శాస్త్రంలో దానిని నోబెల్ బహుమతితో పోలుస్తారు.

కాటూరులో పుట్టిన శాస్త్రవేత్త బాట వేసిన ఈ విద్య, ఆయన మాతృభాషకు మాత్రం ఆలస్యంగా చేరింది. గూగుల్ సంస్థ తెలుగులో మాట్లాడి వ్రాసే సౌకర్యాన్ని కల్పించినది 2017లో. ఆలస్యానికి కారణం తెలియాలంటే యంత్రం ఎలా వింటుందో కొంత తెలుసుకోవాలి.

యంత్రం వినే విధానం

రసాయన శాస్త్రంలో ఒక తెలియని పదార్థాన్ని గుర్తించడానికి మేము దాని పరారుణ వర్ణపటాన్ని తీస్తాము. ఆ పటంలో ఫలానా చోట శిఖరం కనిపిస్తే ఫలానా పరమాణు బంధం ఉన్నదని ఊహిస్తాము. ఉదాహరణకు సెంటీమీటరుకు 1,700 తరంగాల ప్రాంతంలో బలమైన శిఖరం ఉంటే కర్బనానికీ ప్రాణవాయువుకూ నడుమ ద్విబంధం ఉన్నదని అనుమానిస్తాము. కాని ఆ ఒక్క శిఖరాన్ని చూచి పదార్థం పేరు చెప్పలేము. ద్రవీభవన స్థానం, అణుభారం, పదార్థం ఎక్కడి నుండి వచ్చిందన్న సమాచారం ఇవన్నీ కలిస్తేనే నిర్ణయం.

యంత్రం మాటను వినడం కూడా ఇంచుమించు ఇటువంటిదే. ఫోనులోని మైకు గాలి కంపనాలను విద్యుత్తుగా మారుస్తుంది. దానిని సాధారణంగా సెకనుకు 16 వేల సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. ఆ అంకెలను సెకనులో నలభయ్యవ వంతు ముక్కలుగా తీసుకుని, ఒక్కొక్క ముక్కలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉన్నదో లెక్కిస్తారు. ఇది ధ్వని వర్ణపటం. "ఆ" పలికినప్పుడు శిఖరాలు ఒక చోట, "ఈ" పలికినప్పుడు మరొక చోట కనిపిస్తాయి.

ఈ వర్ణపటాన్ని నాడీజాలం అనే గణిత నిర్మాణానికి అందిస్తారు. దానికి ముందుగా ఎవరూ వ్యాకరణ సూత్రాలు నూరిపోయరు. వేల గంటల ధ్వనిని, ఆ ధ్వనికి మనుషులు వ్రాసిపెట్టిన అక్షరాలను జంటగా చూపిస్తారు. యంత్రం ఊహించిన అక్షరానికీ, అసలు అక్షరానికీ ఉన్న తేడాను బట్టి లోపలి లక్షలాది గుణకాలను కొంచెం కొంచెం సవరిస్తూ పోతారు. కోట్లాది పర్యాయాలు ఈ సవరణ జరిగిన తరువాత ధ్వనికీ అక్షరానికీ గల సంబంధం ఆ గుణకాలలో నిక్షిప్తమవుతుంది. అటు పిమ్మట ఏ పదం తరువాత ఏ పదం వచ్చే అవకాశం ఎక్కువో కూడా నేర్పుతారు. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన "ట్రాన్స్‌ఫార్మర్" అనే నిర్మాణం, వాక్యంలో ఎంత దూరాన ఉన్న పదాన్నయినా లెక్కలోకి తీసుకునే శక్తిని ఇచ్చి ఈ విద్యను మలుపు తిప్పింది.

కావున యంత్రం చేసేది వినడం, ఊహించడం. ఇందులో ఊహ పాలు మనమనుకునే దానికంటే ఎక్కువ. ఈ ఒక్క విషయం గుర్తుంటే దాని గుణదోషాలు రెండూ సులువుగా అర్థమవుతాయి.

తెలుగుతో వచ్చే చిక్కులు

మొదటి చిక్కు పాఠాల కొరత. 2022లో ఓపెన్ ఏఐ సంస్థ విడుదల చేసిన "విస్పర్" అనే వ్యవస్థకు 6,80,000 గంటల ధ్వనితో శిక్షణ ఇచ్చారు. అందులో సింహభాగం ఇంగ్లీషు. పరిశోధకులు స్వయంగా ప్రచురించిన పట్టికను బట్టి చూస్తే, తెలుగు మాటకు తెలుగు అక్షరం జతచేసిన పాఠం పది గంటలైనా లేదు. ఎనిమిది కోట్లకు పైగా జనం మాట్లాడే భాషకు దక్కిన వాటా అది.

రెండవ చిక్కు మన భాష స్వభావం. ఇంగ్లీషులో నాలుగైదు పదాలు పట్టే భావాన్ని మనం "వెళ్ళలేకపోతున్నానన్నాడు" అని ఒక్క పదంలో ఇముడ్చుతాము. యంత్రాల పనితీరును కొలిచే పదదోష శాతం లెక్కలో, అంత పొడుగు పదంలో ఒక్క అక్షరం తప్పినా పదమంతా తప్పు క్రిందనే జమ. అంతకన్న ముఖ్యమైనది, మనం "కాదు", "వద్దు" అనే నిషేధాన్ని తరచుగా పదం పొట్టలో దాచిపెడతాము. "ఈ మాత్ర వేసుకోమన్నారు" అన్నదానికీ, "ఈ మాత్ర వేసుకోవద్దన్నారు" అన్నదానికీ నడుమ ఉన్నవి రెండే అక్షరాలు. గొంతు సన్నగిల్లిన చోట ఆ రెండక్షరాలే మ్రింగబడతాయి.

మూడవది మాండలికం. "వెళుతున్నాను", "పోతున్న", "ఎల్తన్నాను" మూడూ తెలుగే. పుస్తక భాషతో, వార్తాప్రసారాల భాషతో శిక్షణ పొందిన యంత్రానికి మొదటిది మాత్రమే పరిచయం. నాలుగవది మన సంకర భాష. "రేపటి అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసేశాను" అన్న వాక్యంలో ఏది తెలుగో, ఏది ఇంగ్లీషో, ఏ లిపిలో వ్రాయాలో యంత్రం తికమకపడుతుంది. ఇక్కడి పిల్లలు ల, ళ లను, న, ణ లను ఒకటిగా పలుకుతారు. తాతగారి చెవికి ఎంత కష్టమో, యంత్రానికీ అంతే.

ఈ లోటును పూడ్చే ప్రయత్నాలు స్వదేశంలో సాగుతున్నాయి. మద్రాసు ఐ.ఐ.టి.లోని ఏఐ ఫర్ భారత్ బృందం 2024లో ప్రకటించిన "ఇండిక్ వాయిసెస్" అనే ధ్వనిభాండాగారం తొలి విడతలో 22 భాషలకు చెందిన 16,237 మంది గొంతులు, 7,348 గంటల ధ్వని చేర్చారు. అందులో అత్యధిక భాగం కాగితం చూచి చదివినది కాదు, సహజంగా మాట్లాడినది. తెలుగు ఆ 22 భాషలలో ఒకటి. భారత ప్రభుత్వం 2022లో ఆరంభించిన "భాషిణి" పథకం కూడా ఇదే దిశగా పనిచేస్తున్నది.

చేతికందే సాధనాలు

వీటిలో నిత్యజీవితానికి పనికివచ్చేవి కొన్నింటిని పేర్కొంటాను.

మొదటిది, మాట్లాడుతుండగానే అక్షరాలు చూపించేది. గూగుల్ సంస్థ 2019లో "లైవ్ ట్రాన్‌స్క్రైబ్" అనే సాధనాన్ని విడుదల చేసింది. స్వయంగా వినికిడి లేని శాస్త్రవేత్త దిమిత్రి కనెవ్‌స్కీ, అమెరికాలో బధిరుల విద్యకు పేరెన్నికగన్న గాలడెట్ విశ్వవిద్యాలయం దీని రూపకల్పనలో పాలుపంచుకున్నారు. తనకు అవసరమై తాను చేసుకున్న పనిముట్టు కనుక అందులో హంగులు తక్కువ, ఉపయోగం ఎక్కువ. తెలుగుతో సహా అనేక భాషలలో పనిచేస్తుంది. అక్షరాల పరిమాణం పెంచుకోవచ్చు. ఆండ్రాయిడ్ రకపు పాత ఫోను ఒకటి సొరుగులో పడి ఉంటే, దానిని భోజనాల బల్ల మీద నిలబెట్టి ఇందుకే కేటాయించవచ్చు.

రెండవది, అక్షరాన్ని చదివి వినిపించేది. చూపు తగ్గిన వారికి ఇది వరం. డెన్మార్క్‌లో పుట్టి 2015 నుండి నడుస్తున్న "బీ మై ఐస్" అనే సేవలో, చూపులేని వారు ఫోను కెమెరాను ఎక్కుపెడితే లోకంలో ఎక్కడో ఉన్న స్వచ్ఛంద సేవకులు చూచి చెప్పేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. దానికి తోడుగా 2023లో కృత్రిమ మేధ చేత కూడా వర్ణన చెప్పించే ఏర్పాటు వచ్చింది. మైక్రోసాఫ్ట్ వారి "సీయింగ్ ఏఐ" 2017 నుండి ఇటువంటి పని చేస్తున్నది. దాని రూపకర్త సాకిబ్ షేక్ కూడా చూపులేనివారే.

మూడవది అనువాదం. గూగుల్ అనువాద సేవలో తెలుగు 2011లో చేరింది. నేడు కౌన్సిల్ నుండి వచ్చిన ఉత్తరాన్ని ఫోను కెమెరాకు చూపితే తెలుగులో చదువుకోవచ్చు. సంభాషణ కృత్రిమ మేధలను "ఈ ఉత్తరంలోని ముఖ్యాంశాలు, గడువు తేదీ తేలిక తెలుగులో చెప్పు" అని అడగవచ్చు. ఇంగ్లీషు కొంత వచ్చినవారు "తేలిక ఇంగ్లీషులో చెప్పు" అని అడిగితే మరీ మంచిది. భాష మార్చనక్కరలేదు కనుక అక్కడ పొరపాట్లు తగ్గుతాయి.

సాధనం ఏదైనా, ఫలితం చాలావరకు మైకు దూరంపై ఆధారపడుతుంది. ధ్వని మూలానికి దూరం రెట్టింపయితే చేరే ధ్వనిశక్తి నాలుగవ వంతుకు పడిపోతుంది. కావున ఫోను వినేవారి దగ్గర కాక మాట్లాడేవారి దగ్గర ఉండాలి. టి.వి. నడుస్తూ, వంటింట్లో కుక్కరు ఈలలు వేస్తూ, పైన పొగగొట్టపు ఫ్యాను తిరుగుతూ ఉన్న చోట ఏ యంత్రమూ సరిగా వినలేదు. మూడవ వ్యక్తి మొదలుపెట్టక ముందు మొదటి వ్యక్తి ముగించాలి. తమాషా ఏమంటే, యంత్రం కోసం మనం పాటించే ఈ మర్యాదల వల్ల పెద్దలకు అక్షరం చూడకుండానే సగం మాట వినబడుతుంది.

నమ్మదగినదెంత?

భోజనాల బల్ల దగ్గర యంత్రం "పులిహోర"ను "పులి నోరు" అని వ్రాస్తే అందరూ నవ్వుకుంటారు. వైద్యుని గదిలో పొరపాటు నవ్వుతో పోదు. ఒక మధుమేహ రోగి "కాళ్ళు మండుతున్నాయి" అన్నారనుకోండి. యంత్రం "కళ్ళు మండుతున్నాయి" అని వ్రాసిందనుకోండి. రెండూ చక్కని తెలుగు వాక్యాలే. సందర్భాన్ని బట్టి ఊహించే యంత్రానికి రెండింటిలోనూ దోషం కనిపించదు. కాని మధుమేహంలో పాదాల మంట నరాల దెబ్బకు సూచన. వైద్యుడు చూడవలసిన అవయవమే మారిపోయింది. ఇంగ్లీషులో "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" అన్న అంకెల విషయమూ ఇంతే. మందు మోతాదులో ఆ తేడా మూడింతలకు పైమాట.

దీనికి మించిన దోషం మరొకటి ఉంది. ఎవరూ అనని మాటను యంత్రం కల్పించి వ్రాయడం. విస్పర్ వ్యవస్థపై అమెరికా పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనంలో, పరిశీలించిన ధ్వని ముక్కలలో సుమారు ఒక శాతం వాటిలో ఇటువంటి కల్పిత వాక్యాలు కనిపించాయి. పక్షవాతం వంటి కారణాల వల్ల మాట తడబడేవారి విషయంలో, మాటకూ మాటకూ నడుమ మౌనం ఎక్కువగా ఉన్నప్పుడు, ఈ దోషం పెరిగింది. యంత్రానికి మౌనం అర్థం కాదు. ఖాళీని ఏదో ఒక మాటతో నింపుతుంది. ఎవరికి సాయం అత్యవసరమో వారి వద్దనే యంత్రం ఎక్కువగా తప్పుతున్నదన్న మాట.

కావున వైద్యం, న్యాయం, బ్యాంకు, వీసా వంటి విషయాలలో మనిషి దుబాసీనే కోరాలి. ఈ దేశంలో అందుకు ఏర్పాటు 1973 నుండి ఉంది. టెలిఫోను ద్వారా దుబాసీ సేవ అందించే జాతీయ సంస్థ నంబరు 131 450. రేయింబవళ్ళు పనిచేస్తుంది. మెడికేర్ పరిధిలోని సేవలకు ప్రైవేటు వైద్యులు దీనిని ఉచితంగా పొందవచ్చు. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ ఆసుపత్రులకు ప్రత్యేక దుబాసీ విభాగం ఉంది. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే "తెలుగు దుబాసీ కావాలి" అని చెప్పి, తమ వారికి ఆ సేవ ఏ షరతులపై లభిస్తుందో అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో ఉన్న పన్నెండేళ్ళ మనుమరాలి చేత తాతగారి రోగవివరాలు చెప్పించడం ఆ పిల్లకూ, ఆయనకూ ఇద్దరికీ న్యాయం కాదు.

దుబాసీ ఉన్నా వినికిడి లోపం అలాగే ఉంటుంది. అప్పుడు దుబాసీ పలికిన తెలుగును ఫోను అక్షరాలుగా చూపవచ్చు. ఇక్కడ యంత్రం మనిషికి బదులుగా కాక, మనిషికి తోడుగా పనిచేస్తున్నది. అయితే ముందుగా వైద్యుని అనుమతి అడగాలి. ఇతరుల సంభాషణను వారి సమ్మతి లేకుండా రికార్డు చేయడాన్ని న్యూ సౌత్ వేల్స్ 2007 నాటి చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. కొన్ని సాధనాలు మన మాటను ఫోనులోనే అక్షరాలుగా మారుస్తాయి, కొన్ని దూరాన ఉన్న కంప్యూటర్లకు పంపుతాయి. ఏది ఏ విధమో అమరికలలో చూచుకోవాలి. బ్యాంకు రహస్య సంఖ్యలు వీటి ముందు పలకరాదు.

ప్రయోగశాల ఇచ్చే పాఠం

ఏ కొలత పరికరాన్నయినా తెలియని నమూనాపై వాడే ముందు, తెలిసిన ప్రామాణిక నమూనాపై పరీక్షించడం మా వృత్తిలో తొలి పాఠం. ఫోనుకూ అదే పరీక్ష పెట్టమని మనవి. అమ్మగారు లేదా నాన్నగారు నిత్యం వాడే పది వాక్యాలు కాగితం మీద వ్రాయండి. అందులో వారి మందుల పేర్లు, రెండు మూడు అంకెలు, "వద్దు", "లేదు", "కాదు" అన్న వాక్యాలు, కాళ్ళు, కళ్ళు వంటి దగ్గరి పదాలు ఉండేటట్లు చూడండి. వారి గొంతుతోనే, వారి యాసలోనే ఫోనుకు వినిపించండి. ఏవి సరిగా వచ్చాయో, ఏవి తప్పాయో ప్రక్కన గుర్తు పెట్టండి. ఒక గంట పని. ఆ కాగితమే ఆ ఇంటికి కావలసిన ప్రమాణపత్రం. తప్పిన పదాలను ఏ విధంగా మార్చి పలకాలో కూడా అదే తెలుపుతుంది. "వేసుకోవద్దన్నారు" అనడానికి బదులు "వద్దు. ఈ మాత్ర వేసుకోవద్దు" అని విడదీసి పలికితే నిషేధం రెండుసార్లు వినబడుతుంది. "ఫిఫ్టీన్" అనడానికి బదులు "ఒకటి, అయిదు" అని అంకె అంకెగా చెప్పవచ్చు. ముఖ్యమైన మాట చెప్పిన పిమ్మట వినేవారి చేత తిరిగి చెప్పించుకోవాలి. తల ఊపడం అంగీకారం కావచ్చు, అర్థమైనదనడానికి ఋజువు కాదు.

ఈ పని పిల్లలకు అప్పగించడం ఉచితం. ఫోను అమరికలు వారికి కరతలామలకం. తాతగారి మాట తెరపై తెలుగు అక్షరాలుగా వస్తున్నప్పుడు, ప్రక్కన కూర్చున్న మనుమడు ఆ అక్షరాలు కూడబలుక్కుంటాడు. యంత్రం చేసిన తప్పును దిద్దాలంటే ఒప్పు ఏమిటో తాతగారినే అడగాలి. ఆదివారం తెలుగు బడిలో నేర్చినది అక్కడ పనికివస్తుంది.

మరొక బాధ్యత కూడా మనపై ఉంది. యంత్రానికి పాఠం మన మాటలే. కోనసీమ యాస, పాలమూరు యాస, సిక్కోలు యాస నిధులలోకి చేరకపోతే అవి యంత్రానికి ఎన్నటికీ వినబడవు. వృద్ధుల వణికే గొంతులు చేరకపోతే ఈ సాధనాలు యువకుల మాటలకే పరిమితమవుతాయి. విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు ఎవరి గొంతు దేనికి వాడుతారో స్పష్టంగా చెప్పి, సమ్మతి పత్రం తీసుకుని సేకరించే ప్రయత్నాలలో మన పెద్దలు పాల్గొనడం రాబోయే తరానికి మేలు చేసే దానం. మన సంఘం సమావేశాలలో, పండుగ సభలలో తెరపై తెలుగు అక్షరాలు నడిచే ఏర్పాటు చేయడం కూడా పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వేదికపై వక్త చేతి మైకు నుండి తీగ కలిపితే చాలు. తప్పులు వస్తాయి. అయినా చివరి వరుసలో కూర్చున్న పెద్దాయనకు సభలో ఏ విషయం నడుస్తున్నదో తెలుస్తుంది.

యంత్రం నూటికి నూరుపాళ్ళు సరిగా వినే రోజు కోసం ఎదురుచూడనక్కరలేదు. ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మరాదో తెలిసినవారి చేతిలో నేటి అసంపూర్ణ సాధనమే ఎంతో ఉపయోగం. కథలు చెప్పడానికి, కబుర్లాడడానికి, మనుమల అల్లరి తెలుసుకోవడానికి దానిని ధైర్యంగా వాడవచ్చు. మందు, డబ్బు, సంతకం అన్న మూడింటి దగ్గర ఆగి మనిషిని పిలవాలి. ఈ సంచిక చదవడం ముగించిన పిమ్మట ఒక పాత ఫోను వెదకి, ఇంటి పెద్దలతో కూర్చుని ఆ పది వాక్యాలు వ్రాయడం మొదలుపెట్టవలసిందిగా పాఠకులకు నా విన్నపం.